శ్రవ్యదృశ్య నిధులలో ప్రారంభ విలంబము

విషయ ప్రవేశము

జానపద వాఙ్మయ పరిశోధనము నేడు కాగితముతో ముగియుట లేదు. ఒకప్పుడు పరిశోధకుడు పల్లెకు పోయి, పాటను విని, పదములను వ్రాసికొని వచ్చెడివాడు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినప్పుడు పాఠకునకు దక్కినది గేయముయొక్క పాఠము. పాడినవారి గొంతుక, వరుస, పల్లవి నందుకొను గుంపు, నడుమ నడుమ వినవచ్చు నవ్వు, ఇవి అచ్చులో నిలుచునవి కావు. నేడు ఇవన్నియు యంత్రముచే గ్రహింపబడి విశ్వవిద్యాలయముల నిధులలో చేరుచున్నవి. కావున పుస్తకములను కాపాడుట యెట్టి బాధ్యతయో, శ్రవ్యదృశ్య సామగ్రిని కాపాడుటయు అట్టి బాధ్యతయే యైనది.

అయితే కాపాడుట వేఱు, అందించుట వేఱు. ఈ భేదము మాకు గ్రంథములలో గాక కొడవలూరి పొలముగట్టున తెలిసినది. కొడవలూరు నెల్లూరు జిల్లాలో పెన్నకు ఉత్తరమున, కనిగిరి రిజర్వాయరు కాలువల క్రింద వరి పండు ప్రాంతములోనిది. అచ్చటి ఊడ్పు పాటలు కొన్నింటిని, పాడువారి రూపముతో సహా, మేము రికార్డు చేసి తెచ్చి విభాగపు సర్వరులో భద్రపఱచితిమి. మఱుసటి పంటకాలమున మరల ఆ యూరికి పోయి, పాడిన స్త్రీలకు వారి పాటను వినిపింపవలెనని చేతిఫోనునుండి సర్వరును కోరితిమి. తెరమీద చిన్న చక్రము తిరుగసాగెను. స్త్రీలు చుట్టును చేరి చెవియొగ్గి నిలిచిరి. ఇరువది లెక్కించునంత కాలము గడచినను పలుకు పుట్టలేదు. వారిలో పెద్దామె, “ఏంది నాయనా, పాట యాడికో పోయినట్టుండాదే” అని, తట్ట నెత్తుకొని మడివైపు నడచెను. తక్కినవారును ఆమె వెంట పోయిరి. వారు గట్టు దాటిన పిదప పాట మొదలయ్యెను. వినుటకు మేము తప్ప వేఱెవ్వరును లేకుండిరి.

పల్లెలో ఫోను సంకేతము బలహీనమై యుండునని మొదట తలచితిమి. తిరిగి వచ్చి, సర్వరున్న గదిలోనే కూర్చుండి పరీక్షించితిమి. అచ్చటను జాగు చాలవఱకు అట్లే యుండెను. పాట పోలేదు, భద్రముగనే యున్నది. కాని కోరినవారికి కోరినప్పుడు దొరకని పాట పోయినదానితో సమానమే గదా!

ఈ జాగునకు ‘ప్రారంభ విలంబము’ అని పేరు పెట్టుకొందము. దాని కారణములను, దానిని తగ్గించుటకు శాస్త్రజ్ఞులు చూపిన మార్గములను సాహిత్యాధ్యాపకులకును పరిశోధక విద్యార్థులకును సుబోధమగునట్లు వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. కూడిక, గుణకారములకు మించిన గణితము దీనికి అక్కఱలేదు. మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. ఈ విలంబము పెక్కుచోట్ల యంత్రశక్తి చాలకపోవుటచే గాక, ఏర్పాటు సరిగా లేకపోవుటచే కలుగుచున్నది. కావున క్రొత్త యంత్రమును కొనుటకు ముందు, ఉన్న యంత్రములోని వంతులను చక్కదిద్దుకొనవలెను.

విలంబ స్వరూపము

వినగోరువాడు కోరిన క్షణమునకును, తొలి శబ్దము వినవచ్చు క్షణమునకును నడుమ గల కాలమే ప్రారంభ విలంబము. పాట సాగుచు సాగుచు నడుమ ఆగిపోవుట మఱియొక దోషము. ఈ రెంటిని ఒకటిగా భావింపరాదు. పైగా వీనికి కొంత విరోధము కూడ కలదు. నడుమ ఆగకుండుటకై ముందుగనే ఎక్కువ భాగమును తెచ్చి నింపుకొన్నచో ప్రారంభము ఆలస్యమగును. తొందరపడి కొలదిగా తెచ్చి మొదలుపెట్టినచో నడుమ తెగు ప్రమాదము కలుగును. సర్వరును నిర్మించువాడు ఈ రెండు దోషములకును నడుమ దారి వెదకవలెను.

పుస్తకము బీరువానుండి వచ్చుటకు పావుగంట పట్టినను చదువరి ఓపికతో కూర్చుండును. శబ్దము విషయమున ఆ యోపిక కానరాదు. 2012లో షణ్ముగ కృష్ణన్, రమేశ్ సీతారామన్ అనువారు అకమయి సంస్థ సామగ్రి ఆధారముగ 2 కోట్ల 30 లక్షల వీడియో వీక్షణములను పరిశీలించిరి. ప్రారంభ విలంబము 2 సెకండ్లు దాటినది మొదలు ప్రేక్షకులు విడిచిపోవుట ఆరంభింతురనియు, అటుపై ప్రతి సెకండునకును విడిచిపోవువారి ప్రమాణము 5.8 శాతము చొప్పున పెరుగుననియు వారు తేల్చిరి. కొడవలూరి స్త్రీలు ఇరువది లెక్కించువఱకు నిలుచుట వారి మర్యాద యనియే చెప్పవలెను.

డిస్కు పని చేయు విధము

సర్వరులో పెద్ద నిధులను దాచుటకు నేటికిని తిరుగుడు డిస్కులే విరివిగా వాడుకలో నున్నవి. గ్రామఫోను నెఱిగినవారికి దీని రూపము సులభముగా బోధపడును. పళ్లెము తిరుగుచుండును, ఒక చేయి లోనికిని వెలుపలికిని కదలి, కావలసిన వలయముపై నిలిచి చదువును. నిమిషమునకు 7,200 మార్లు తిరుగు డిస్కులో ఒక చుట్టునకు పట్టు కాలము సెకండులో 1000వ వంతులు 8.33. కావలసిన చోటు చేయి క్రిందికి వచ్చువఱకు సగటున ఇందులో సగము, అనగా 4.17, వేచియుండవలెను. చేయి ఒక వలయమునుండి మఱియొక వలయమునకు పోవుటకు పట్టు కాలము దీనికి అదనము. ఈ రెండును కలిసి ఒక్కొక దూకునకు ఇంచుమించు 10 మొదలు 15 వఱకు అగును. ఈ కాలమున ఒక్క అక్షరమైనను చదువబడదు. చోటు దొరికిన పిదప చదువుట మాత్రము మిక్కిలి వేగముగా జరుగును.

చేయి ఒకటి, కోరువారు అనేకులు. అయినను ప్రతివానికిని తన పాట అంతయు ఒక్కమారు అక్కఱలేదు. సి.డి. ప్రమాణము గల శబ్దము సెకండునకు 14,11,200 బిట్లు మాత్రమే కోరును. డిస్కు అంతకంటె ఎన్నో రెట్లు వేగముగా ఇయ్యగలదు. కావున సర్వరు ఒకని పాటలో కొంత భాగమును చదివి జ్ఞాపకశాలలో నుంచి, ఆ భాగము వినబడుచుండగా తక్కినవారి యొద్దకు పోయివచ్చును. ఇట్లు అందఱిని ఒకమారు చుట్టివచ్చుటకు పట్టు కాలమును ‘ఆవృత్తి’ యందము. జ్ఞాపకశాలలో నిలువయుంచిన భాగమునకు బఫరు అని వాడుక పేరు.

కాలువ క్రింది రైతునకు ఈ పరిస్థితి క్రొత్త కాదు. నీరు చాలని కాలమున కాలువకు వంతులు ఏర్పడును. పిల్లకాలువ తూము ఎత్తినంత మాత్రమున నీరు మడికి చేరదు. ఎండిన కాలువ ముందు తడియవలెను. ఆ తడియుటకు పోయిన నీరు ఎవరి పైరునకును దక్కదు. వంతు చిన్నదైనచో నీటిలో అధికభాగము కాలువను తడుపుటకే పోవును. వంతు పెద్దదైనచో ఆ నష్టము తగ్గును గాని, తక్కినవారు ఎదురుచూచు కాలము పెరుగును. మడిలో నిలిచిన నీరు మరల వంతు వచ్చువఱకు పైరును కాపాడును. డిస్కుచేయి దూకుటకు పట్టు కాలమే కాలువ తడియుటకు పోవు నీరు. ఒకమారు చదివిన భాగమే వంతు. బఫరే మడిలోని నిలువ నీరు. నారుమడికి నీరు కోరి క్రొత్తగా వచ్చిన రైతే క్రొత్త శ్రోత. ఈ సామ్యమును మనసున నుంచుకొన్నచో మున్ముందు వచ్చు విషయములు సుగమములగును.

వంతుల లెక్క

ఒక యుదాహరణము చూతము. డిస్కు సెకండునకు 80 మెగాబిట్లు చదువుననుకొందము. ఒక్కొక దూకునకు సెకండులో 1000వ వంతులు 15 పట్టుననుకొందము. ఒక్కొక ధారకు సెకండునకు 1.5 మెగాబిట్లు కావలెననుకొందము. ఈ చివరి యంకె 1990 దశకమున వీడియో సర్వరులను గూర్చి వ్రాసినవారు సామాన్యముగా గ్రహించిన ప్రమాణము. తక్కినవి లెక్క కొఱకు మేము కల్పించుకొన్నవి.

ఆవృత్తి 1 సెకండైనచో ఒక్కొకనికి 1.5 మెగాబిట్లు చదువవలెను. చదువుటకు 18.75, దూకుటకు 15, వెరసి 33.75. ఈ లెక్కను 1 సెకండులో 29 మందికి మాత్రమే వంతు దొరకును. ఆవృత్తిని 4 సెకండ్లు చేసినచో ఒక్కొకనికి 75, 15 కలిసి 90 పట్టును. 44 మందికి వంతు దొరకును. 10 సెకండ్లు చేసినచో ఒక్కొకనికి 202.5, దొరకువారు 49 మంది. దూకులకు ఏమియు పట్టదని భావించినను ఈ డిస్కునుండి 53 మందికి మించి ఇయ్యజాలము.

ఈ యంకెలలోని విశేషమును గమనింపవలెను. ఆవృత్తి 1 నుండి 4 సెకండ్లకు పెరిగినప్పుడు 15 మంది అదనముగా చేరిరి. 4 నుండి 10కి పెరిగినప్పుడు చేరినవారు 5 గురు మాత్రమే. కాని విలంబ మెట్లు పెరిగినదో చూడుడు. చేయి పళ్లెముమీద ఒక కొననుండి మఱియొక కొనకు వరుసగా ఊడ్చుకొని పోవుచు, దారిలో తగిలినవారికి తగిలినట్లు చదువు పద్ధతియందు, ఒకడు ఈ యావృత్తిలో మొదటివాడును వచ్చు ఆవృత్తిలో కడపటివాడును కావచ్చును. అట్టివానికి నడుమ తెగకుండవలెనన్నచో తొలి యావృత్తి ముగిసిన పిదపనే వినిపించుట మొదలుపెట్టవలెను. ఆవృత్తి మొదలైన మఱుక్షణమున వచ్చిన క్రొత్తవాడు అది ముగియువఱకు ఒకటియు, తన భాగము చేరిన యావృత్తి ముగియువఱకు మఱియొకటియు, మొత్తము రెండు ఆవృత్తులు నిరీక్షించును. అనగా పై మూడు ఏర్పాటులలో గరిష్ఠ విలంబము క్రమముగా 2, 8, 20 సెకండ్లు. కడపటి 5 గురికి చోటిచ్చుటకై క్రొత్తగా వచ్చు ప్రతివానిని 20 సెకండ్లవఱకు నిలుపుచున్నామన్నమాట.

జ్ఞాపకశాల వ్యయమును ఇట్లే పెరుగును. ఈ పద్ధతిలో ఒక్కొకనికి రెండు భాగములకు చోటు కావలెను. ఆ లెక్కన మూడు ఏర్పాటులకు వరుసగా ఇంచుమించు 11, 66, 184 మెగాబైట్లు పట్టును. ఎక్కువమందికి అందించుట, త్వరగా అందించుట అను రెండు గుణములు ఒకదానినొకటి లాగుచుండుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

క్రమ భేదములు

ఊడ్చుకొని పోవు పద్ధతిని విడిచి, ప్రతివానికిని ఆవృత్తిలో ఒక స్థిరమైన వంతు నేర్పఱచినచో నేమగును? అప్పుడు తన భాగము చదువబడిన వెంటనే వినిపించుట మొదలుపెట్టవచ్చును. మఱుసటి భాగము సరిగా ఒక ఆవృత్తి గడచిన పిదప వచ్చుట నిశ్చయము. విలంబము ఒక ఆవృత్తికి తగ్గును. అయితే చేయి పళ్లెముమీద ఇటునుండి అటును, అటునుండి ఇటును దూకవలసి వచ్చును. కాలువ మొదట నొక మడికి, చివర నొక మడికి, మరల మొదట నొక మడికి నీరు వదలినట్లు నష్టము పెరిగి, అందించగలవారి సంఖ్య తగ్గును.

ఈ రెంటికిని మధ్యమార్గమును 1993లో ఫిలిప్ యు, మాన్-సాంగ్ చెన్, దిలీప్ కాండ్లూర్ అనువారు చూపిరి. శ్రోతలను గుంపులుగా విభజించి, గుంపుల వరుసను స్థిరముగా నుంచి, ఒక్కొక గుంపులోపల మాత్రము ఊడ్చుకొని పోవుట వారి పద్ధతి. 4 సెకండ్ల ఆవృత్తిని 4 గుంపులుగా విభజించితిమనుకొందము. ప్రతి గుంపునను ఒక్కొక ఖాళీ యున్నచో క్రొత్తవాడు తరువాతి గుంపు మొదలగువఱకు 1 సెకండు, అది ముగియువఱకు మఱి 1 సెకండు, మొత్తము 2 సెకండ్లకు మించి వేచియుండనక్కఱలేదు. ఖాళీ ఒక్క గుంపుననే యున్నచో 5 సెకండ్లవఱకు ఆగవలసివచ్చును. విభజన లేనప్పటి 8 సెకండ్లతో పోల్చినచో ఈ రెండును మేలే. చిన్న గుంపులలో ఊడ్పు సాగుటచే దూకుల నష్టము కొంత పెరుగును. అది ఈ మేలునకు చెల్లింపవలసిన వెల.

ఆ సంవత్సరముననే ఐ.బి.ఎం. ఆల్మడెన్ పరిశోధనాలయమునకు చెందిన ఎ. ఎల్. నరసింహారెడ్డి, జేమ్స్ వైలీ ‘స్కాన్-ఇ.డి.ఎఫ్.’ అను క్రమమును ప్రతిపాదించిరి. ఎవని గడువు ముందో వానికి ముందు. గడువులు సమానమైనచో చేయి పోవు దారిలో ముందున్నవానికి ముందు అనునది దాని సారము. ఎవని మడి ముందు ఎండునో వానికి ముందు నీరిచ్చి, ఒకేనాడు ఎండు మడులకు మాత్రము కాలువ వరుసను పాటించుట యన్నమాట. ఇందు న్యాయమును పొదుపును కలిసి యున్నవి. అందఱి గడువులను వేర్వేరుగ నుంచినచో ఊడ్పుయొక్క లాభము పోవును. గడువులను కొన్ని కొన్నిగ ఒక్కచోట కూర్చినచో రెండు లాభములును దక్కును.

క్రొత్తవానికి చోటు

పై పద్ధతులన్నియు ఉన్నవారిని ఎట్లు నడుపవలెనో ముఖ్యముగ ఆలోచించినవి. క్రొత్తగా వచ్చువానిని గూర్చియే ప్రధానముగ ఆలోచించినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ చాంగ్, హెక్టర్ గార్షియా-మోలినా. 1997లో వారు ప్రకటించిన పద్ధతికి ‘బబుల్అప్’ అని పేరు. బుడగ పైకి తేలుట యని దాని యర్థము. ఇచ్చట తేలు బుడగ ఖాళీ వంతు.

సర్వరు నిండుగ లేనప్పుడు ఆవృత్తిలో కొన్ని వంతులు ఖాళీగ నుండును. అవి ఎక్కడో చివర నున్నచో ఇప్పుడు వచ్చిన వానికి ఉపయోగము లేదు. అవి వచ్చువఱకు అతడు ఆగవలసినదే. కావున తీరిక దొరికినప్పుడెల్ల వరుసలో తరువాతి వారికి వారి గడువుకంటె కొంచెము ముందుగనే నింపి, ఖాళీ వంతును ఎల్లప్పుడును చేతికి అందునంత దగ్గఱగ నిలుపుకొనవలెను. అప్పుడు క్రొత్తవాడు ఆవృత్తికాలము గాక ఒక్క వంతుకాలము మాత్రమే ఆగును. మా యుదాహరణములో 4 సెకండ్ల ఆవృత్తికి ఒక వంతు సెకండులో 1000వ వంతులు 90. పదవ వంతు సెకండైనను కాదు. పొలములో ఇది అనుభవసిద్ధమైన నీతి. మడినిండ నీరున్న రైతు నారుమడివానిని ముందు పోనిచ్చినచో తన పైరునకు కొదువ లేదు. వాని నారునకు ప్రాణము దక్కును.

దీనికి ఒక నియమము కలదు. వంతులలో ఖాళీ యుండవలెను. 44 మందికి చాలు సర్వరున 44 మందిని చేర్చుకొన్న పిదప 45వ వానికి ఏ నేర్పును పనికిరాదు. కావున శక్తి యున్నంతవఱకు నింపుట గాక, కొంత మిగులు ఉంచుకొని, మిగులు లేనప్పుడు క్రొత్తవానిని మర్యాదగ నిలుపుట మంచి యేర్పాటు. ఆయకట్టును నీటికి మించి పెంచినచో చివరి భూములు ఎండుటయే గాక, వంతుల క్రమమంతయు చెడును.

డిస్కులు పెరిగినచో

ఒక డిస్కు చాలనప్పుడు పది డిస్కులు పెట్టుదురు. ఒక రికార్డును ముక్కలు చేసి మొదటి ముక్కను ఒకదానిలో, రెండవదానిని తరువాతిదానిలో, ఇట్లు వరుసగ పఱతురు. 1996లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వర్ణించిన ‘టైగర్’ అను వీడియో సర్వరు ఈ జాతిదే. దీనివలన ఒక జనప్రియమైన రికార్డును అందఱును కోరినను భారము అన్ని డిస్కులమీదను సమముగ పడును.

కాని ప్రారంభ విలంబము విషయమున సామాన్యుల నమ్మకము ఇచ్చట తలక్రిందగును. ఉన్నవారందఱును ఒక డిస్కునుండి మఱియొక డిస్కునకు బండిచక్రపు ఆకులవలె ఒక్కటిగ జరుగుచుందురు. క్రొత్తవాని తొలి ముక్క ఏ డిస్కులో నున్నదో ఆ డిస్కువద్దకు ఖాళీ వంతు తిరిగి వచ్చువఱకు అతడు ఆగవలెను. ఒక్కొక డిస్కువద్ద 1 సెకండు నిలుచు ఏర్పాటులో 10 డిస్కులున్నచో, సర్వరు ఇంచుమించు నిండియున్న వేళ, ఈ నిరీక్షణము 10 సెకండ్లవఱకు పోవచ్చును. 20 డిస్కులైనచో 20 సెకండ్లు. డిస్కులు పెరిగినకొలది వినువారి సంఖ్య పెరుగును గాని, గరిష్ఠ విలంబము తగ్గుటకు మాఱుగ పెరుగును. ‘యంత్రమును పెద్దది చేసినచో త్వరగా పలుకును’ అను భావముతో ధనము వెచ్చింపబూనువారు ఈ విషయమును ముందుగ ఎఱిగియుండుట మంచిది.

తొలిభాగపు నకలు

ఇంతవఱకు కాలువ సామ్యము మనకు తోడు వచ్చినది. ఇక్కడ దానిని విడువవలెను. నీటికి నకలు లేదు. పాటకు నకలు కలదు. రైతు తన వంతునీటిని మఱియొక చోట ముందుగ పుట్టించుకొనలేడు. సర్వరు మాత్రము ప్రతి రికార్డుయొక్క తొలి కొన్ని సెకండ్లను వేఱుగ నకలు తీసి, చేయి కదలనక్కఱలేని జ్ఞాపకశాలలోనో, తిరుగుడు లేని ఘనస్థితి డిస్కులోనో ఉంచవచ్చును. కోరిన వెంటనే ఆ తొలిభాగము పలుకును. అది పలుకుచుండగా పెద్ద డిస్కునుండి తరువాయి భాగము వంతుప్రకారము వచ్చి చేరును. శ్రోతకు దగ్గఱగ నుండు మధ్యవర్తి సర్వరులలో తొలిభాగములను నిలుపు ఈ భావమును 1999లో శుభబ్రత సేన్, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్, డాన్ టౌస్లీ అనువారు విపులముగ చర్చించిరి.

ఒక తెలుగు విభాగమునకు దీని వ్యయమెంత? గంట నిడివి గల శబ్దరికార్డులు 1000 ఉన్నవనుకొందము. సెకండునకు 128 కిలోబిట్ల ప్రమాణమున ఒక్కొక గంటకు 57.6 మెగాబైట్లు, 1000 గంటలకు 57.6 గిగాబైట్లు పట్టును. ఒక్కొకదాని తొలి 10 సెకండ్లకు పట్టునది 160 కిలోబైట్లు. 1000 రికార్డులకు 160 మెగాబైట్లు. మొత్తములో ఇది 360వ వంతు. చేతిఫోనులోని జ్ఞాపకశాలకు కూడ ఇది భారము కాదు. పై లెక్కలలో 4 సెకండ్ల ఆవృత్తికి గరిష్ఠ విలంబము 8 సెకండ్లు గదా! తొలి 10 సెకండ్లు చేతిలో నున్నచో ఆ 8 సెకండ్ల నిరీక్షణము శ్రోతకు తెలియనే తెలియదు. విలంబము నశింపలేదు, పాటచాటున దాగినది.

ఇచ్చట పరిశోధకులు ప్రత్యేకముగ గుర్తింపవలసిన యంశము కలదు. వినోదము నందించు సంస్థలు ఎక్కువమంది కోరు చలనచిత్రములను సంపూర్ణముగ దగ్గఱ నుంచుకొని, కోరువారు లేనివానిని దూరముగ పెట్టును. వారికది తగియున్నది. పరిశోధన నిధికి అది తగదు. మన రికార్డులలో ఐదేండ్లకొకమారు ఒక్కరు కోరునవే యెక్కువ. ఆ యొక్కరు కోరిన నాడు దాని యవసరము మిక్కిలి గొప్పది. కావున కొన్నింటిని సంపూర్ణముగ దగ్గఱ నుంచుటకంటె అన్నింటి తొలిభాగములను సమముగ నుంచుట మన నిధులకు ఉచితము. అరుదైన పాట అరుదుగ వినబడుననుట దానిని ఆలస్యముగ వినిపించుటకు కారణము కారాదు.

సూచికయు నిద్రయు

ఇప్పుడు మా సర్వరు సంగతికి వత్తము. కొడవలూరినుండి మేము పాటను కోరిన వేళ దానిని కోరినవారు మేమొక్కరమే. కావున మా జాగు రద్దీవలన కలిగినది కాదు. విచారింపగా రెండు కారణములు తేలినవి. రెండును ఏర్పాటు దోషములే. యంత్రముయొక్క బలహీనత వానిలో లేదు.

మొదటిది సూచిక. ఎం.పి.4 రూపమున నుండు వీడియో ఫైలునకు లోపల ఒక విషయసూచిక యుండును. ఏ శబ్దము, ఏ చిత్రము ఎక్కడ నున్నదో అది చెప్పును. రికార్డు ముగిసిననే గాని సూచిక పూర్తి కాదు కావున, రికార్డు చేయు యంత్రములు దానిని సామాన్యముగ ఫైలు చివర వ్రాయును. వినిపించు యంత్రమునకు సూచిక లేనిదే తొలి పలుకైనను పలుకుటకు వీలుపడదు. చివరి భాగమును నేరుగ కోరగల యంత్రము అదనముగ ఒక ప్రయాణము చేసి దానిని తెచ్చుకొనును; కోరజాలనిది ఫైలునంతను తెచ్చుకొన్న పిదపనే నోరు విప్పును. దీనికి చికిత్స మిక్కిలి సులభము. సూచికను ఫైలు మొదటికి మార్చు సాధనములు కలవు. వానివలన శబ్దమునకు గాని చిత్రమునకు గాని ఏ మార్పును కలుగదు. గ్రంథము చివరనున్న విషయసూచికను ముందునకు తెచ్చి కుట్టించుటవంటిదే ఈ పని.

రెండవది నిద్ర. విద్యుత్తును పొదుపు చేయుటకై కొంతకాలము ఎవ్వరును కోరకున్నచో డిస్కు తిరుగుట మానునట్లు ఏర్పాటు చేయుదురు. తిరిగి పూర్తివేగమును అందుకొనుటకు దానికి కొన్ని సెకండ్లు పట్టును. దినమున కొకరిద్దరు మాత్రమే కోరు మనవంటి నిధులలో ప్రతివాడును నిద్రించు డిస్కునే లేపవలసి వచ్చుచున్నది. పగటివేళ నిద్రను మాన్పించుట ఒక మార్గము. తొలిభాగములను వేఱొకచోట నుంచి, అవి పలుకుచుండగా డిస్కును లేపుట అంతకంటె మేలైన మార్గము.

ఘనస్థితి డిస్కులు వచ్చిన పిదప చేయి, చుట్టు, దూకు అనునవి వానిలో లేనే లేవు గదా, ఈ చర్చ యెందులకని కొందఱు ప్రశ్నింపవచ్చును. దూకుల నష్టము వానిలో మిక్కిలి స్వల్పమనుట నిజమే. కాని చివరనున్న సూచిక వానిలోను చివరనే యుండును. ఒక్కమారు అనేకులు కోరినప్పుడు వంతులును తప్పవు. పెద్ద నిధులను సంపూర్ణముగ వానిలో నుంచుట వ్యయసాధ్యము కూడ. తిరుగుడు డిస్కులో సమస్తమును, ఘనస్థితి డిస్కులో తొలిభాగములను ఉంచుట నేటికి తగిన పొత్తు.

ఉపసంహారము

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి తెలుగు విభాగములకు ఆచరణయోగ్యమైన క్రమము ఒకటి ఏర్పడుచున్నది. మొదట, ఉన్న వీడియో ఫైలులన్నిటిలో సూచిక ముందున్నదో లేదో చూచి సరిచేయవలెను. దీనికి వ్యయము లేదు. పిమ్మట తొలిభాగముల నకలు తీసి వేఱుగ నుంచవలెను. దీనికి వ్యయము స్వల్పము. తరగతిలో నలువదిమంది విద్యార్థులు ఒక్కమారు కోరు పరిస్థితి యున్నచో ఆవృత్తిని చిన్నది చేసి, కొన్ని వంతులు ఖాళీగ నుంచుకొనవలెను. ఇవన్నియు చేసిన పిదపను చాలకున్నచో అప్పుడు క్రొత్త డిస్కులను గూర్చి ఆలోచింపవచ్చును. సామాన్యముగ జరుగుచున్నది దీనికి విపర్యయము.

ఇది యంత్రజ్ఞుల పని, సాహిత్యజ్ఞులకు సంబంధింపదు అను అభిప్రాయము సరికాదని మా యనుభవము. సూచికను సరిచేసి, తొలిభాగములను వేఱుచేసిన పిదప మేము మరల కొడవలూరికి పోయితిమి. ఆ పెద్దామె తట్ట దింపకముందే పాట మొదలయ్యెను. ఆమె కొంతసేపు విని, చేయెత్తి ఆపి, “ఆడ మాట అట్టగాదు నాయనా, గుంపులో ఎవురో తప్పన్నారు” అనెను. తక్కిన స్త్రీలును ఔననిరి. ఆ మాటను మేము పాఠాంతరముగ గుర్తించి, దానిపై ఒక పుట వ్యాఖ్య వ్రాసియుంటిమి. అది పాఠాంతరము కాదు. ఊడ్పు తొందరలో ఒకరి నోట దొరలిన పొరపాటు.

పాడినవారు తమ పాటను తాము విని సరిచూచుటకంటె విలువైన పాఠపరిష్కారము జానపద గేయమునకు వేఱొకటి లేదు. ఆ యవకాశము పొలముగట్టున కొన్ని క్షణములు మాత్రమే లభించును. మొదటిమారు ఆ క్షణములను సర్వరు హరించినది. మా వ్యాఖ్యను ఉపసంహరించుకొని, సరియైన పాఠమును నిధిలో చేర్చితిమి. రికార్డులను సేకరించు విద్యార్థులు తమ నిధిలోని ప్రతి రికార్డును ఒకమారు కోరి చూచి, అది ఎంతకాలమునకు పలుకుచున్నదో వివరపట్టికలో నమోదు చేయుట ఇకమీదట అలవఱచుకొందురుగాక యని కోరుచున్నాము.